ఏమని మొక్కుకునేది

గిద్దలూరు నుంచి కంభం మీదుగా అర్ధవీడు పోయే బస్సులో నేను కండక్టర్ని. ఆ దారిలో గొర్రెల మనుషులు ఎక్కితే నాకు టికెట్లు కొట్టడంతో పాటు ఇంకో పని కూడా పడుతుంది. గొంగడి తగిలిందని ముక్కు మూసుకునే వాళ్లకూ, "నీ సెంటు కంపు కంటే నా గొంగడే నయం" అనే వీళ్లకూ మధ్య పంచాయితీ తీర్చడం. మొన్న అలాంటి పంచాయితీ ఒకటి తీర్చి చిల్లర ఇస్తుంటే, ఆ గొంగడి మనిషి నా మొహంలోకి పరీక్షగా చూశాడు.

"మద్రాసు ఆసుపత్రిలో మావోళ్లతో ఉన్న కండక్టరమ్మవు నువ్వే కదా?"

"నేనే. ఏంది సంగతి?"

"మల్లి తాత పోయినాడమ్మా. రేపు చిన్నదినం, సమాధి కాడ కూడు పెడతాండారు. నీకు కబురు అందిందో లేదో అని చెప్తాండా."

అందలేదు. ముందు నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. తర్వాతి మనిషి అర్ధవీడు అంటే గిద్దలూరుకు టికెట్టు కొట్టాను, ఆయన తిట్టాడు, నేనూ తిట్టాను. బస్సు దిగే దాకా నా మనసు మనసులో లేదు. ఆ ముసలాయన నన్ను ఒక ప్రశ్న అడిగాడు. ఎన్నోసార్లు అడిగాడు. నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. ఇప్పుడు అడిగేవాడే లేడు కదా, నాకు తీరిపోవాలి. తీరలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. చిన్నాయనా అని పిలిచేదాన్ని, అంతే.

మా పాపకు గుండెలో కవాటం ఆపరేషన్ కోసం మద్రాసులో పెద్దాసుపత్రికి పోయినప్పుడు ఆయన్ని మొదటిసారి చూశాను. పిల్లల గుండె వార్డు బయట, స్టీలు కుర్చీ మీద గొంతుక్కూర్చొని ఉన్నాడు. సెక్యూరిటీ అతను కాళ్లు కింద పెట్టమని అరవంలో కోప్పడుతున్నాడు. ఈయన తెలుగులో, "నా మోకాళ్లు నీ కుర్చీ చెప్పినట్టు వింటాయా నాయనా" అని నిదానంగా జవాబు చెబుతున్నాడు. ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోయినా ఇద్దరూ వరస తప్పకుండా మాట్లాడుకుంటున్నారు. నాకు నవ్వొచ్చింది.

"ఏ ఊరు చిన్నాయనా?" అన్నాను.

"అర్ధవీడు కాడ. నీది?"

"గిద్దలూరు."

ఆ ముక్కకే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "మనూరే! మనూరి పిల్లే!" అన్నాడు. మా ఊరికీ ఆయన ఊరికీ మధ్య ఎంత దూరముందో నాకు తెలుసు, రోజూ టికెట్లు కొడతాను కదా. మద్రాసులో మాత్రం ఆ రెండు ఊళ్లూ ఒకే వీధిలో ఉన్నాయి.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కూర్చున్నా నిలబడ్డా ఎడమ భుజం మాటిమాటికీ పైకి ఎగరేసేవాడు. అదేదో జబ్బేమో అనుకున్నాను మొదట. తర్వాత తెలిసింది. ఉన్ని పీచులు పిల్లలకు మంచిది కాదని ఆసుపత్రి వాళ్లు ఆయన గొంగడి తీసి బీరువాలో పెట్టించారు. జన్మంతా ఆ భుజం మీద ఉన్న గొంగడి జారిపోతుందేమో అని భుజం ఇంకా సర్దుకుంటూనే ఉంది.

లోపల ఆయన మనవరాలు మల్లి. నాలుగో తరగతి పిల్ల. ఏదో జ్వరం వచ్చి తగ్గింది, తగ్గిపోయే ముందు గుండె కండరాన్ని పాడుచేసి పోయింది. గుండె మారిస్తే తప్ప లాభం లేదన్నారు. మార్చడానికి పిల్ల గుండె దొరికే దాకా బతికించడానికి ఒక పంపు పెట్టారు. పెద్దవాళ్లకయితే లోపల పెడతారట, ఈ పిల్లకు బయటే. పొట్ట మీద నుంచి రెండు గొట్టాలు బయటికి వచ్చి, అరచేతిలో పట్టేంత గాజు గిన్నె లాంటి పంపుకు కలుస్తాయి. దాన్ని నడిపించే మిషన్ చక్రాల మీద పక్కనే ఉంటుంది. ఆయన ఆ మిషన్‌ను బండి అనేవాడు. "బండి ఆడతాంది కదా, ఇంక భయమేంది" అని తనకు తానే చెప్పుకునేవాడు. పిల్ల తల్లి చంటిబిడ్డతో ఇంటి దగ్గర ఉండిపోయింది. తండ్రి వెళితే మంద ఎవరు చూస్తారు? మోకాళ్లు పోయి మంద వెంట తిరగలేని మనిషి ఈయన ఒక్కడే కాబట్టి ఈయన్ని పంపారు.

"ఇంట్లో పనికిరానోడు ఆసుపత్రికి పనికొస్తాడు" అనేవాడు.

భయం పంపు ఆగిపోతుందని కాదు. అసలు భయమేమిటో నెల్లూరు వైపు డాక్టరమ్మ ఒకామె మా ఇద్దరికీ విడమరిచి చెప్పింది. రక్తం మన నరాల్లో తిరిగినంత కాలం దానికి దారి తెలుసు. ప్లాస్టిక్కు తగిలేసరికి గడ్డ కట్టాలని చూస్తుంది. పంపులో కట్టిన గడ్డ చిన్న ముక్క తెగినా తిన్నగా మెదడుకు పోవచ్చు. పక్షవాతం రావచ్చు. అందుకని రక్తం పల్చగా ఉండే మందు ఇస్తారు. ఆ మందు ఎక్కువైతే మెదడులోనే రక్తం కారొచ్చు. అదీ పక్షవాతమే. రోజూ రక్తం పరీక్ష చేసి మందు అటో ఇటో సర్దడమే వాళ్లు చేయగలిగింది.

ఆయన రెండు వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు.

"గట్టిగైతే గడ్డ తలకు పోతాది. పల్చనైతే తలలో కారతాది. అంతేనా తల్లీ?"

"అంతే పెద్దాయనా."

"ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నా మనవరాలిని ఆ రెండింటి మధ్యలో మంచమేసి పండబెట్టినారు" అన్నాడు. డాక్టరమ్మ కూడా కాదనలేని మాట అది.

డ్యూటీ మారినప్పుడల్లా నర్సమ్మలు టార్చిలైటు వేసి ఆ గాజులాంటి పంపులో గడ్డ ఏమైనా కనపడుతుందా అని చూసేవాళ్లు. వాళ్ల తల పక్కన ఆయన తల. చూపు సరిగ్గా ఆనదు, అయినా చూడాల్సిందే. వాళ్లు లేచి వెళ్లాక నన్ను పిలిచి, "అమ్మీ, ఆ మూల తెల్లగా పోగు మాదిరి ఏందో ఉంది, నువ్వు చూడు" అనేవాడు. నాకు ఏమీ కనపడేది కాదు. ఒక్కోసారి ఆయన చెప్పగా చెప్పగా కనపడేది. నర్సమ్మను పిలిస్తే అది లైటు మెరుపు అని తేలేది. నాకు ఇప్పటికీ కల్లో ఆ పంపు కనపడితే మూలన ఏదో ఉన్నట్టే ఉంటుంది.

ఇంకో పరీక్ష కూడా నేర్పించారు ఆయనకు. పిల్లను నవ్వమనాలి, మూతి ఒక పక్కకు పోతోందా చూడాలి. రెండు చేతులూ ఎత్తమనాలి. ఏదైనా ఒక మాట చెప్పించాలి. మూడింట్లో ఏది తేడా వచ్చినా వెంటనే గంట కొట్టాలి. రోజుకు ఒకసారో రెండుసార్లో చేయమని వాళ్లు చెప్పారు. ఈయన దాన్ని లెక్కా పక్కా లేకుండా చేసేవాడు.

"ఏదీ మల్లీ, నవ్వు."

"నవ్వను పో."

"ఒక్కసారి తల్లీ."

"ఊరికే ఎట్ల నవ్వుతారు తాతా? నవ్వొచ్చేది ఏమన్నా చెప్పు."

ఆ మాట న్యాయమే కదా. అప్పటి నుంచి ఆయన నవ్వించే పని కూడా నెత్తిన వేసుకున్నాడు. ముక్కులో ఈగ దూరిన పొట్టేలు ఎట్ల తుమ్ముతుందో చేసి చూపించేవాడు. వార్డంతా నవ్వేది. అరవ పిల్లలు, మలయాళం నర్సులు, అందరూ. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. తుమ్ముతూనే, ఓరకంటితో పిల్ల మూతిని చూస్తూ ఉండేవాడు. మనిషిని అంత కష్టపడి నవ్వించి, ఆ నవ్వును అంత భయంగా చూసేవాణ్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఒకరోజు మల్లి అల్లరికి మూతి ఒక పక్కకు లాగి పెట్టింది. ఆయన వేసిన కేక మూడో అంతస్తు దాకా వినపడి ఉంటుంది. నర్సులు పరుగెత్తుకొచ్చారు, డాక్టర్లు వచ్చారు, పిల్లను బండితో సహా తల స్కానింగుకు తీసుకుపోయారు. పిల్ల ఏడుస్తూ "ఊరికే చేసినా, ఊరికే చేసినా" అంటూనే ఉంది, ఎవరు నమ్ముతారు? స్కానింగులో ఏమీ లేదు. డాక్టరమ్మ పిల్లను గట్టిగా కసిరి, పక్కకొచ్చి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ సాయంత్రం తాతా మనవరాలూ చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నారు. దేంట్లో అయినా వేళాకోళం ఆడొచ్చు, మూతి విషయంలో వద్దు. ఆ ఒట్టుకు నేనే సాక్షిని.

మా పాపకు నయమై మేం ఇంటికి వచ్చేశాం. మళ్లీ చెకప్‌కు వెళ్లేసరికి ఆయన అక్కడే, అదే కుర్చీలో, అలాగే గొంతుక్కూర్చొని ఉన్నాడు. సెక్యూరిటీ అతను అలిసిపోయి వదిలేసినట్టున్నాడు. గుండె ఇంకా దొరకలేదు.

ఆ రోజు నేనుండగానే కొడుకు ఫోన్ చేశాడు. చిన్నాయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్లో పెట్టి, కొండ అవతల మనిషిని పిలిచినట్టు మాట్లాడేవాడు కాబట్టి వార్డు బయట ఉన్న అందరికీ వినపడింది.

"నాయనా, ఎర్ర పొట్టేలును అమ్మోరికి వదిలినాం. మల్లికి గుండె దొరికితే ఇస్తామని మొక్కుకున్నాం. నీళ్లు చల్లితే ఒళ్లు జలజలా విదిలించింది నాయనా. అమ్మోరు ఒప్పుకునింది."

కొడుకు గొంతులో సంతోషం. ఈయన ఫోన్ కట్ చేశాడు. భుజం ఎగరేయడం కూడా మానేసి కూర్చున్నాడు.

"ఏంది చిన్నాయనా? మంచి మాటే కదా?"

"ఏం మంచి? గుండె యాడ నుంచి వస్తాదో వానికి తెల్దు. నాకు తెలుసు, డాక్టరమ్మ చెప్పింది. మల్లి ఈడు బిడ్డ ఎవరో పోవాల. ఆ బిడ్డ తల్లీతండ్రీ ఒప్పుకోవాల. అప్పుడు వస్తాది. మావాడు అమ్మోరి ముందర నిలబడి నోరు తెరిచి అడిగినాడు, గుండె కావాలని. అమ్మోరు సరే అనింది. అంటే ఏంది? యాడో ఒక ఇంట్లో..." మాట ఆపేశాడు.

నాకు తెలిసినంతలో సర్ది చెప్పబోయాను. "డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది కదా. మనం అడిగినామని ఎవరూ పోరు. పోయినోళ్ల నుంచి మనకు వస్తాది."

"అది డాక్టరమ్మ లెక్క. అమ్మోరి లెక్క అట్ల ఉండదే! అడిగినదానికే ఇస్తాది."

"అయితే గుండె అని కాకుండా, మల్లి బాగుండాలని మార్చి మొక్కుకో."

"గుండె రాకుండా ఎట్ల బాగుంటాది? తిరిగి తిరిగి ఆడికే వస్తాది కదా."

"అట్లయితే మొక్కడమే మానెయ్."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. రేపు ఈ పిల్లకు ఏమన్నా అయితే, తాత నోరు తెరిచి అడగలేదు అని అనుకోదా?" నా వైపు తిరిగాడు. నిజంగా నాకు తెలుసు అనుకున్నట్టు చూశాడు. "నువ్వు చదువుకున్న పిల్లవి, చెప్పు. ఏమని మొక్కుకునేది?"

నేను చదివింది డిగ్రీ, అదీ రెండు సబ్జెక్టులు ఉండిపోయాయి. నాకేం తెలుసు? టిఫిన్ చేశావా చిన్నాయనా అన్నాను.

అదే సాయంత్రం మెట్ల దగ్గర పేషంట్ల తాలూకు మనుషులు మాట్లాడుకుంటున్నారు. సెలవుల్లో రోడ్ల మీద బండ్లు ఎక్కువ తిరుగుతాయి, అప్పుడు దొరికే అవకాశం ఎక్కువంట అని ఎవరో అన్నారు. పాపం వాళ్లూ మంచివాళ్లే, వాళ్ల పిల్లలూ ఎదురుచూస్తున్నారు. చిన్నాయన చేతిలో టీ కప్పు పక్కన పెట్టి లేచి వచ్చేశాడు. నా దగ్గరికి వచ్చి, రెండు రోజులు మల్లి దగ్గర ఉండమ్మీ అని బతిమాలాడు. ఊరికి పోయి ఆ మాట వెనక్కి తీసుకోవాలంట. నర్సులకు నేను ఆయన పెద్ద కూతురినని చెప్పాడు. అబద్ధం అంత తేలిగ్గా చెప్పగలడని నేను అనుకోలేదు. మా ఆయన విసుక్కున్నాడు. మా పాపతో లాడ్జిలో ఉండమని ఆయనకు చెప్పి, నేను మల్లి దగ్గర ఉండిపోయాను.

మరుసటి రోజు మధ్యాహ్నం. మల్లి పెరుగన్నం తింటోంది. ఇంటి దగ్గర ఎర్ర పొట్టేలు ఎవరిని ఎప్పుడు ఎక్కడ పొడిచిందో నాకు చెబుతోంది. మాట మధ్యలో ఆగింది. స్పూను చేతిలోంచి జారి మంచం మీద పడింది. దాన్ని చూసి, తీసుకోవాలని చేసి, తీసుకోలేక నా మొహం చూసింది.

"మల్లీ, నవ్వు" అన్నాను.

నవ్వింది. ఎడమ పక్క నవ్వింది. కుడి పక్క ఊరికే ఉంది.

ఒట్టు పెట్టుకున్న పిల్ల అది. నేను గంట కొట్టాను. అరిచాను కూడా. ఆ తర్వాత అంతా చక్రాల చప్పుడూ, అరవమూ, ఇంగ్లీషూ. నేను అన్నం గిన్నె పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు నిలబడ్డాను.

ఆయన తెల్లవారి బస్సు దిగి వచ్చాడు. గోళ్లలో పసుపు ఇంకా ఉంది. పిల్ల ఎట్ల ఉంది అని అడుగుతాడనుకున్నాను. "ఎప్పుడు?" అని అడిగాడు.

"అన్నం తినేటప్పుడు."

"పొద్దు నడినెత్తికి వచ్చిందా?"

"వచ్చింది చిన్నాయనా."

గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఆయన చెప్పింది ఇది. పొట్టేలును కడిగి, పసుపు రాసి, గుడి ముందు నిలబెట్టాడు. మావాడు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా తల్లీ అన్నాడు. ఒప్పుకుంటే ఒళ్లు విదిలించు అని నీళ్లు దోసిట్లోకి తీసుకున్నాడు.

"నీళ్లు పోయకముందే విదిలించింది అమ్మీ. ఒక్క చుక్క పడలేదు దాని మీద. అది లెక్కకు వస్తాదా, రాదా?"

"ఈగ వాలిందేమో."

"నేనూ అదే అనుకుంటి. పూజారి మళ్లీ పొయ్యమన్నాడు. మళ్లీ పోస్తే రాయి మాదిరి నిలబడింది. ఇంకా పోసినా, కదల్లేదు. ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా? నేను ఆడ ఈ పని చేసేటప్పటికే ఈడ..."

డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది. పంపు మార్చామని చెప్పింది. పాత పంపులో, కవాటం వెనక, టార్చి లైటు పడని చోట చిన్న గడ్డ ఉందట. నిన్నటి రక్తం పరీక్ష సరిగ్గానే ఉంది, మందు సరిగ్గానే ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నా కొందరు పిల్లల్లో జరుగుతుంది, ఎందుకో చెప్పలేం అంది.

ఆయన చేతులు కట్టుకుని విన్నాడు.

"తప్పు నాదైతే చెప్పు తల్లీ. మోస్తా. ఎంత బరువైనా మోస్తా. ఎవరిదీ కాదంటే దీన్ని ఎవరు మోయాల?"

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని, "తప్పు మీది కాదు" అని మాత్రం అంది. ఆ మాటకు ఊరట కలగాలి కదా. ఆయన మొహంలో ఊరట లేదు. పట్టుకోవడానికి చేతికి ఇచ్చిన కర్రను కూడా లాక్కున్నట్టు అయిపోయాడు.

మల్లికి కుడి చెయ్యి పడిపోయింది, మాటలు కలిసిపోయాయి. నీళ్లు కావాలంటే ఆకు అనేది. నర్సమ్మను చూసి బస్సు అనేది. తాతను చూసి గొర్రె అంది. ఆయన వెంటనే "ఔను తల్లీ, ముసలి గొర్రెనే, కోతకు కూడా పనికిరాను" అన్నాడు. పిల్ల ఎడమ పక్క నవ్వింది. ఆయన ఆ నవ్వు చూసి బయటికి వచ్చి ఏడ్చాడు. మేం ఊరికి వచ్చేదాకా రోజూ ఆమెతో మాటలు పలికించేవాడు. తనకు తెలిసిన మాటలే: మేక, మంద, వాగు, సంగటి. కొన్ని వారాలకు మాటలు ఒక్కొక్కటే తమ చోటికి తిరిగి వచ్చాయట. చెయ్యి పూర్తిగా రాలేదు. కాలు నయం. గుండె కోసం ఎదురుచూసే వరసలోంచి కొన్నాళ్లు పక్కన పెట్టి, మళ్లీ చేర్చారు.

తర్వాత ఒకరోజు డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది.

"గుండె వచ్చింది అమ్మీ. ఆపరేషన్ అయ్యింది. ఆడతాందంట."

బస్సు అని కూడా చూడకుండా అరిచాను. అవతల సంతోషం వినపడలేదు. ఫోన్ పోయిందేమో అనుకున్నాను.

"చిన్నాయనా?"

"ఉండా. ఎవరూ అడగలేదు కదా. అడిగిన మాటను కూడా వెనక్కి తీసుకుంటి. అయినా వచ్చింది. అమ్మోరు ఇచ్చిందా? ఇయ్యకుండానే వచ్చిందా? ఎవరి బిడ్డో చెప్పరంట. పాపో బాబో కూడా చెప్పరంట. ఇప్పుడు నేను ఎవరికి దండం పెట్టాల?"

ఈసారి టిఫిన్ సంగతి కూడా అడగలేకపోయాను.

తర్వాతి ఏళ్లలో నా బస్సులో చాలాసార్లు ఎక్కాడు. మల్లిని చెకప్‌కు తీసుకుపోతూనో, మందులు తెచ్చుకుంటూనో. భుజం మీదికి గొంగడి తిరిగి వచ్చింది, అయినా భుజం ఎగరేసే అలవాటు పోలేదు. ఎర్ర పొట్టేలును అమ్మోరికి ఇవ్వలేదు, అమ్మలేదు, కోయలేదు. అది తిని బలిసి, వీధిలో కనపడిన వాళ్లందరినీ పొడిచేది. ఎవరిది ఈ పొట్టేలు అని జనం అరిస్తే, "దాన్నే అడగండి, నాకూ తెలుసుకోవాలని ఉంది" అనేవాడట. అది ముసలిదై చచ్చిపోతే గుంట తీసి పూడ్చాడు. గొర్రెను పూడ్చిపెట్టిన గొర్రెలాయన అని ఊళ్లో నవ్వుకున్నారు.

బస్సులో పక్క సీటు మనిషి ఎవరైనా సరే, కాసేపటికి సంగతంతా చెప్పేసి అడిగేవాడు. "నువ్వయితే ఏమని మొక్కుకుంటావు?" ఒకాయన అదంతా విధి అన్నాడు. ఇంకో కుర్రాడు డాక్టర్లే దేవుళ్లు అన్నాడు. ఒకామె ముక్కు చీదుకుని, నీ పిల్ల బతికింది కదా ఇంకెందుకయ్యా ఈ లొల్లి అంది. అందరి మాటలూ శ్రద్ధగా విని, దిగేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "వాళ్లకూ తెలీదు అమ్మీ" అని చెప్పి దిగిపోయేవాడు. ఆ మొండితనం చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇంత చదువూ సంధ్యా లేని మనిషి, బిడ్డ దక్కిందని హాయిగా ఉండొచ్చు కదా అనిపించేది. అనిపించినా ఆయన ఎక్కని రోజు బస్సు వెలితిగా ఉండేది.

చిన్నదినానికి సెలవు పెట్టి వెళ్లాను.

చేను గట్టు మీద కొత్త సమాధి. ఆ ఇళ్లలో అలవాటు ఏమంటే, పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ సమాధి దగ్గర విస్తట్లో పెట్టి, ఒక్కొక్కరే ఒక ముద్ద వేసి, వరస పెట్టి పిలిచి తినమని చెప్పాలి. సంగటి, గోంగూర, కోడికూర, ఒక బీడీ కట్ట. కొడుకు "నాయనా, తిను" అన్నాడు. కోడలు "మామా, తిను" అంది. నేను నా ముద్ద పెట్టి "చిన్నాయనా, తిను" అన్నాను.

మల్లి వచ్చింది. బాగా పొడుగెదిగింది, తాత పోలికే. కుడి చేతి వేళ్లు కొద్దిగా ముడుచుకుని ఉన్నాయి. ఎడమ చేత్తో ముద్ద పెట్టింది.

"ఎడం చేత్తో పెడతావేందే?" అంది ఒక ముసలమ్మ.

"తాతకు ఈ చెయ్యి అలవాటే అవ్వా" అని, "తాతా, తిను" అంది. మాట కొంచెం నిదానం, కానీ తేటగా ఉంది. అంతటితో లేవలేదు. సంచిలోంచి ఇంకో విస్తరి తీసింది. సమాధికి కొంచెం ఎడంగా పరిచి, దాంట్లో సంగటి పెట్టింది, కాస్త బెల్లం పెట్టింది.

"ఇది ఎవరికి తల్లీ?" అన్నాడు తండ్రి.

"గుండె ఇచ్చిన బిడ్డకు. తాత రోజూ తినే ముందర ఒక ముద్ద పక్కన పెట్టేటోడు కదా. చేలో తినేటప్పుడు పెట్టేటోడు, మీరు చూడలేదు. ఇంక నేను పెట్టాల."

పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పేరు తెలియదు, కులం తెలియదు, ఆడో మగో తెలియదు. ఏమని పిలిచి పెడతారు? అట్లాంటిది ఎవరూ ఎక్కడా చూడలేదు.

మల్లి ఎడమ చేత్తో ముద్ద చేసి విస్తట్లో పెట్టింది.

"మల్లీ, తిను" అంది.

ఆడవాళ్లు ఉలిక్కిపడ్డారు. ముసలమ్మ పరుగున వచ్చి పిల్ల నోరు మూయబోయింది. "బతికుండే పిల్ల పేరు సమాధి కాడ పిలుస్తారటే! నీ పేరే నువ్వు పిలుచుకుంటావా?"

"తాత ఇట్లనే పిలిచేటోడు అవ్వా. పేరు లేకుంటే బిడ్డ ఎట్ల వస్తాది తినడానికి అని, నా పేరే ఇచ్చినాడు."

తప్పో ఒప్పో చెప్పగలిగిన మనిషి అక్కడ లేడు, నాతో సహా. మల్లి తల్లి మాత్రం కదిలింది. కుండలోంచి సంగటి తీసి ముద్ద చేసి, ఆ రెండో విస్తరి ముందు కూర్చుంది. కూతురి వైపు చూడలేదు.

"తిను మల్లీ" అంది. "కడుపు నిండా తిను నాయనా."